మిస్త్రీ తాత వదిలిన సందు

నా చిన్నప్పుడు మా అంగడిలో వదులుగా ఉండటాన్ని మించిన తప్పు లేదు. దర్జీలకు కావలసిన సామాను అమ్మేవాళ్లం. గుండీలు, హుక్కులు, సూదులు, దారపు రీళ్లు, లేసులు. చంద్రపూర్ పాత కోట గోడకు కొద్ది దూరంలో ఉండేది మా అంగడి. కొత్త సరుకు రాగానే మా తాతయ్య అట్టకు కుట్టిన గుండీని వేలితో లాగి చూసేవాడు. రీలు మీద దారం వదులుగా ఉంటే పక్కన పడేసేవాడు. పొట్లానికి కట్టిన ముడి జారితే మళ్లీ కట్టించేవాడు. నేను ఆ చేతిని చూస్తూ పెరిగాను. పదేళ్ల వయసులో నేను చేసిన పని అక్కడి నుంచే పుట్టింది. ఇది సాకుగా చెప్పడం లేదు. ఆ పని తర్వాత నేను నోరు మూసుకున్నానే, దానికి తాతయ్యకూ ఆయన ముడులకూ సంబంధం లేదు.

చుట్టూ మరాఠీ మాట్లాడే మా బజారులోని తెలుగు ఇళ్లలో ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది. కొత్త తలుపు బీటలిస్తే, కొత్త మంచం పట్టీ పగిలితే, "విరూర్ మిస్త్రీ పనిలెక్కున్నది" అని నవ్వుతారు. ఆ మిస్త్రీ ఎవరో, ఏం పగిలిందో ఇప్పుడు అనేవాళ్లలో చాలామందికి తెలియదు. నాకు తెలుసు. ఆ మాట మా అంగడిలో పుట్టింది. పుట్టడానికి కారణం నేను.

పక్క ఊరు విరూర్ నుంచి రైలెక్కి వచ్చేవాడు ఆ వడ్రంగి మిస్త్రీ. పనిముట్లన్నీ ఒక గోనెసంచిలో ఉండేవి. వయసులో మా తాతయ్య కంటే చిన్నవాడే అయినా నేను మిస్త్రీ తాత అని పిలిచేవాణ్ని. గుండీలూ హుక్కులూ సైజుల వారీగా పెట్టుకోవడానికి తాతయ్య ఆయన చేత పన్నెండు సొరుగుల టేకు పెట్టె చేయించాడు. వరుసకు నాలుగు, మూడు వరుసలు. చలికాలం చివర మొదలుపెట్టిన పని తొలకరి వానలకు అంగడికి చేరింది. మూలల్లో చెక్కను చెక్కలోకి వేళ్లు పెనవేసినట్టు దిగ్గొట్టాడు. సొరుగును ఒక్క వేలితో నెడితే గాలిని తోసుకుంటూ మెత్తగా లోపలికి పోయేది.

తాతయ్యకు అంతా నచ్చింది, ఒక్కటి తప్ప. అలవాటు కొద్దీ సొరుగు అడుగు పలకను వేళ్లతో నొక్కి చూశాడు. పలక కొంచెం కదిలింది. సొరుగును బయటికి తీసి తిరగేశాడు. ముందువైపునా రెండు పక్కలా గాడి తీసి, పలకను వెనకనుంచి ఆ గాడిలోకి దూర్చాడు మిస్త్రీ తాత. జిగురు ముందు అంచుకు మాత్రమే ఉంది. వెనకాల మాత్రం కోలగా తీసిన రంధ్రంలో ఒకే ఒక్క స్క్రూ. పలక అంచు వెనక చెక్క దాటి కొంచెం బయటికి కూడా వచ్చి ఉంది.

"ఇదేంది మిస్త్రీ, కదులుతున్నది?" అన్నాడు తాతయ్య.

"కదలాలె సేట్. కట్టె ఊకుండదు. వానకు ఉబ్బుతది, ఎండకు గుంజుకుంటది. జాగ ఇడిస్తేనే మంచిగుంటది."

"నా బతుకంతా బిగించుడే నేర్చుకున్న. నువ్వొచ్చి ఇడువుమంటున్నవ్."

"ఎండకాలం పోనీ సేట్. అప్పుడు తిట్టు, పడతా."

తాతయ్య నవ్వేశాడు గానీ ఆయన వేళ్లు ఒప్పుకోలేదు. కూర్చున్నప్పుడల్లా పై సొరుగు తెరిచి అడుగు పలకను ఒకసారి నొక్కి చూసేవాడు. పక్కన ఇత్తడి గిన్నెల అంగడి సేట్ అది కనిపెట్టాడు. ఆయన నోటికి చిక్కితే అంతే. "ఏం సేట్, పలకలు టక్‌టక్ అంటున్నయట. భజన పెట్టుకుంటే మృదంగం ఖర్చు మిగులుతది గదా!" అని గల్లీ అంతా వినేలా అన్నాడు. అందరూ నవ్వారు. తాతయ్య కూడా నవ్వాడు, కానీ ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను. నాకు కోపం వచ్చింది. ఇత్తడి సేట్ మీద కాదు, మిస్త్రీ తాత మీద. పని సగంలో వదిలేసి మా తాతయ్యను నవ్వులపాలు చేశాడని అనుకున్నాను.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం తాతయ్య భోజనానికి ఇంటికి వెళ్లాడు. ముసురు పట్టింది, గిరాకీ లేదు. నేను ఎదురుగా కూర్చునే చెప్పులు కుట్టే మామ దగ్గరికి వెళ్లి పిడికెడు చిన్న మొలలు అడిగి తెచ్చుకున్నాను. సుత్తి లేదు. తక్కెడ పక్కన హుక్కులు తూచే అరకిలో ఇనుప రాయి ఉంది, ఆరు మూలలది. పై వరుసలోని నాలుగు సొరుగులు ఖాళీ చేసి, ఒక్కొక్కటిగా తిరగేసి, అడుగు పలకను వెనక చెక్కకు నాలుగేసి మొలలతో దిగ్గొట్టాను. సగం దెబ్బలు మొలకు తగిలాయి, సగం చెక్కకు. మొలలు అయిపోయాయి కాబట్టి మిగతా ఎనిమిది సొరుగులు బతికిపోయాయి.

మర్నాడు తాతయ్య పై సొరుగు తెరిచి, పలకను నొక్కాడు. కదల్లేదు. ఇంకొకటి తెరిచాడు. అదీ అంతే. "వానకు బిగిసిందో, మిస్త్రీ వచ్చి బిగించి పోయిండో" అని తనలో తను అనుకున్నాడు. నాకు నేనే చేశానని చెప్పాలనిపించింది. అడగకుండా సామాను ముట్టుకున్నందుకు ఏమంటాడోనన్న భయం ఆపింది. తాతయ్య కొట్టేవాడు కాదు. మాట్లాడటం మానేసేవాడు. ఒకసారి సూదుల డబ్బా నీళ్లలో పడేసినందుకు నాలుగు రోజులు నా ముఖం వైపు చూడలేదు. ఆ నాలుగు రోజులు మళ్లీ రాకూడదనుకున్నాను. చెప్పకపోయినా ఏం, పని మంచిదే కదా అని లోపల్లోపల మురిసిపోయాను.

చంద్రపూర్ ఎండ గురించి ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ వైశాఖంలో తలుపు గొళ్లెం ముట్టుకుంటే చెయ్యి కాలేది. ఒక మిట్టమధ్యాహ్నం అంగడిలో 'ఫట్' మని చప్పుడైంది. ఎక్కడ్నుంచి వచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. రెండు రోజుల్లో అలాంటి చప్పుళ్లు ఇంకో మూడు వినిపించాయి. తర్వాత ఒక దర్జీ వచ్చి నల్ల హుక్కులు అడిగితే, తాతయ్య రెండో వరుస సొరుగు తెరిచాడు. హుక్కుల మధ్య తెల్లటి చొక్కా గుండీలు. పై సొరుగు లాగి చూస్తే అడుగు పలక ఈ చివర నుంచి ఆ చివరకు చీలిపోయి ఉంది. పక్కది కూడా. నాలుగుకు నాలుగూ.

అప్పుడు మిస్త్రీ తాత ఎంతో దూరంలో లేడు. పక్కనే ఇత్తడి సేట్ అంగడిలో టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంగడి మొత్తానికి అల్మారాలూ అరలూ చేయడానికి ఆయనకు మాటిచ్చాడు ఇత్తడి సేట్. చాలా పెద్ద పని. ఏడాదిపాటు విరూర్ వెళ్లకుండా ఇక్కడే ఉండొచ్చని, కూతుర్ని ఇక్కడే బడిలో వేద్దామనుకుంటున్నానని అంతకు వారం ముందే మా అంగట్లో కూర్చుని చాయ్ తాగుతూ చెప్పాడు.

తాతయ్య కేక వేస్తే వచ్చాడు. వెనకే ఇత్తడి సేట్. దర్జీ ఎలాగూ అక్కడే ఉన్నాడు. తాతయ్య సొరుగును తిరగేసి మిస్త్రీ తాత ముందు పెట్టాడు.

"ఎండకాలం పోనీ అంటివి. పోకముందే పలిగింది. మొలలు ఎందుకు గొట్టినవ్?"

మిస్త్రీ తాత సొరుగును దగ్గరికి తీసుకున్నాడు. మొలల చుట్టూ చెక్క మీద పడిన గుంటలను బొటనవేలితో తడిమాడు. అవి గుండ్రంగా లేవు. సుత్తి దెబ్బ అలా మూలలు తేలి ఉండదు. ఆయన తల ఎత్తి తక్కెడ వైపు చూశాడు. పక్కన ఉన్న అరకిలో రాయిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

నేను దారపు రీళ్ల వెనక నిలబడి ఉన్నాను. ఇప్పుడు చెప్తాడు, ఇక అయిపోయింది అనుకున్నాను.

"తప్పయింది సేట్" అన్నాడాయన. "మల్ల మంచిగ జేసిస్తా."

"చూసినవా విరూర్ మిస్త్రీ పని" అన్నాడు ఇత్తడి సేట్, టేపు ఇంకా మిస్త్రీ తాత చేతిలోనే ఉండగా. "నాలుగు గుండీలు మోయలేని పలకలు, నా గంగాళాలు మోస్తయా? ఏం కొలిచినవో ఇగ అది మరిచిపో మిస్త్రీ."

మిస్త్రీ తాత టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. నాలుగు సొరుగులూ ఒకదాని మీద ఒకటి పేర్చి, "చిన్నసేట్‌ను తోడు పంపుండ్రి. నాకొక్కనికి మోయరాదు" అని మాత్రం అన్నాడు, నన్ను చూపిస్తూ.

చంద్రపూర్‌లో ఆయన ఉంటూ పనిచేసే చోటు ఒక రేకుల షెడ్డు. తండ్రితో పాటు వచ్చి ఉంటున్న కూతురు నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. నాకు కుండలోని నీళ్లు ఇచ్చి, నా ముఖం చూసి, "ఏమైంది నాయినా పిలగానికి, ఎండ దెబ్బ తగిలిందా?" అంది. "ఏం కాలే, జర సేపు కూసుంటే మంచిగైతడు" అన్నాడాయన. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పటకారుతో మొలలు ఒక్కొక్కటే పీకాడు. పీకిన ప్రతిదాన్నీ నా అరచేతిలో పెట్టాడు. ఎవరు కొట్టారని అడగలేదు. పదహారు మొలలు. నా పిడికిలి నిండిపోయింది.

తర్వాత పలకను వెలుగులోకి ఎత్తి పట్టుకుని చూపించాడు. చెక్కలో గీతలు ఈ పక్క నుంచి ఆ పక్కకు పరిగెత్తుతున్నాయి. ఆ గీతల పొడవునా కట్టె పెరగదట. వాటికి అడ్డంగానే పెరుగుతుంది, తరుగుతుంది. అందుకే గీతలను అడ్డంగా ఉంచి, ముందు అంచును అంటించి, వెనకవైపు వదిలేస్తే, పలక పెరిగితే వెనక్కి జరుగుతుంది, తరిగితే ముందుకు వస్తుంది. ఎవరికీ ఏ నష్టం ఉండదు. రెండు వైపులా పట్టి ఉంచితే మాత్రం, ఎండకు ముడుచుకునేటప్పుడు దానికి పోవడానికి దారి దొరకదు. "దారి లేకుంటే అది ఏం జేస్తది? మధ్యల పలుగుతది" అన్నాడు. ఎవరినో తప్పుపడుతున్నట్టు కాదు, చెక్క తరఫున మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

చీలిక అంచులను రందాతో చిత్రిక పట్టి నున్నగా చేసి, సరేసు జిగురు పెట్టి కలిపాడు. తగ్గిన మేరకు వెనకవైపు ఒక సన్నని బద్ద జతచేశాడు. మూడు రోజులు నన్ను రమ్మన్నాడు, మూడు రోజులూ వెళ్లాను. పలకలు మళ్లీ గాడిలో కూర్చున్నాక చివరి రోజు ఒక పెన్సిలు నా చేతికిచ్చాడు. సొరుగు తిరగేసి, వెనక చెక్క అంచుకు ఆనించి పలక మీద గీత గీయమన్నాడు. నాలుగు సొరుగులకూ గీశాను.

"వానలు పడ్డంక తీసి చూడు. నువ్వు గీసిన గీత యాడికి పోయిందో నీకే తెలుస్తది."

సొరుగులు ఎత్తుకుని బయల్దేరబోతుంటే ఆయన మొలలతో బరువెక్కిన నా జేబు వైపు చూశాడు. మూడు రోజులుగా నేను ఆ మొలలను జేబులో వేసుకుని తిరుగుతున్నాను, పారేసే ధైర్యం కూడా లేక.

"చెప్పాల్ననిపిస్తే నువ్వే చెప్పు బిడ్డా. ఇయ్యాల కాకుంటే రేపు. నేనైతే అడగ" అన్నాడు.

నేను ఆ రోజు చెప్పలేదు. మర్నాడు చెప్పలేదు. వానలు మొదలయ్యే వేళకు ఆయన షెడ్డు ఖాళీ చేసి విరూర్ వెళ్లిపోయాడని తెలిసింది. ఇత్తడి సేట్ అల్మారాల పని ఇంకెవరికో ఇచ్చేశాడు. బజారులో ఇంకెవరూ ఆయనకు పని చెప్పలేదు. ఆ శ్రావణంలో, సరిగ్గా అలాంటి ముసురు మధ్యాహ్నమే, నేను పై సొరుగు తీసి తిరగేశాను. నేను గీసిన గీత వెనక చెక్క అంచు దాటి బయటికి వచ్చి ఉంది. ఒక వడ్లగింజ వెడల్పు. అంతే. అంత కొంచెమే అడిగింది ఆ కట్టె. నేను అంత కూడా ఇవ్వలేదు. ఇత్తడి సేట్ అన్న మాట, "విరూర్ మిస్త్రీ పని" అన్న మాట, అప్పటికే గల్లీ దాటిపోయింది.

తాతయ్య పోయేదాకా చెప్పలేదు. ఆ తర్వాత ఎవరికి చెప్పాలన్న ప్రశ్న నాకు చాలా అనువుగా దొరికింది. దాని చాటున ఏళ్లు గడిపాను. ఇంకొక సంగతి కూడా రాయాలి, లేకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. కొన్నేళ్ల కిందట వరోరాలో ఒక స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్లాం. దేవుడి గది తలుపు నిలువునా చీలి ఉంది. పదిమంది మధ్య నేనే నవ్వుతూ అన్నాను, "విరూర్ మిస్త్రీ పనిలెక్కున్నది" అని. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. అందరూ నవ్వారు. నేను విస్తట్లో అన్నం అలాగే వదిలేసి లేచాను.

మొన్న ఎండాకాలంలో విరూర్ వెళ్లాను. మిస్త్రీ తాత పోయి చాలా ఏళ్లయిందని స్టేషన్ దగ్గర చాయ్ అమ్మే ఆయన చెప్పి, ఇల్లు చూపించాడు. మిస్త్రీ తాత కూతురు ఇప్పుడు నెరిసిన జుట్టుతో గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మొదట గుర్తుపట్టలేదు. గుండీల అంగడి అన్నాక, "ఎండ దెబ్బ తగిలిన పిలగాడివా?" అని నవ్వింది. నేను కూర్చుని అంతా చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆమె చేతులు గింజలు తీస్తూనే ఉన్నాయి.

చెప్పడం అయ్యాక ఇంకో చింతపండు ముద్ద ముందుకు లాక్కుంది. తర్వాత అంది, "మా నాయిన మల్ల సొరుగులు జెయ్యలే తమ్మీ. తలుపులకు చౌకట్లు జేసిండు, దున్నెటందుకు నాగండ్లు జేసిండు. సొరుగులంటే మాత్రం, ఆ పని నాకు అచ్చిరాలేదు అనేటోడు. ఎందుకో మాకు ఎన్నడు చెప్పలే." ఆమె చేతులు అప్పుడు ఆగాయి. "నేను చంద్రపూర్ బడికి పోవుడు గూడ ఆడ్నే ఆగింది."

క్షమించమని అడగడానికి వెళ్లిన మనిషికి, ఆ మాట ఎంత చిన్నదో అక్కడికి వెళ్లాక తెలిసింది.

"నన్ను తిట్టు అక్కా" అన్నాను.

"తిడితే నీకు హాయి. నాకేమొస్తది?" అంది. "నాకు చెప్పుడు గాదు. ఆ మాట అనెటోళ్లకు చెప్పు. బజార్ల నిలబడి చెప్పు. రాసి గూడ పెట్టు. మా పిల్లలకు తెలుగు చదువొస్తలేదు, అంతా మరాఠీనే. నువ్వే వచ్చి చదివి ఇనిపియ్యి."

తిరిగి వచ్చిన మర్నాడే ఇత్తడి అంగడికి వెళ్లాను. ఇప్పుడు అక్కడ ఆ సేట్ కొడుకు కూర్చుంటున్నాడు. నాకంటే చిన్నవాడు, తండ్రి నోరే వచ్చింది. గిరాకీ ఉండగానే, నలుగురి ముందే చెప్పాను. అతను మొదట నవ్వులాటనుకున్నాడు. నేను నవ్వకపోయేసరికి లేచి, మా అంగడిలోకి వచ్చి, పెట్టెలోని పై సొరుగు లాగి తిరగేశాడు. ఆరు మూలల గుంటలు ఇంకా ఉన్నాయి. నాలుగు మొలల రంధ్రాలు ఉన్నాయి. వాటి పక్కన మసకబారిన పెన్సిలు గీత. గుంటల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"అన్నా, ఆ పన్నెండుల మిగిలిన ఎనిమిది?" అని అడిగాడు.

తీసి చూపించాను. నలభై ఏళ్ల ఎండలూ వానలూ చూసిన పలకలు. ఒక్కదానికీ వెంట్రుకంత బీట లేదు.

"ఇవి గదా విరూర్ మిస్త్రీ పని" అన్నాడతను.

ఆ మాట అలా మారిపోతుందని నేను నమ్మడం లేదు. ఇన్నేళ్లు తిరిగిన మాట ఒక్క మధ్యాహ్నంలో వెనక్కి రాదు. కానీ ఇప్పుడు ఎవరైనా నా ముందు అంటే, వాళ్లను అంగడిలోకి తీసుకొచ్చి ఎనిమిది సొరుగులు చూపిస్తాను, తర్వాత నాలుగు. విరూర్ మళ్లీ వెళ్తాను, ఈ కాగితాలు తీసుకుని.

అంగడిలో పనిచేసే కుర్రాడు ఏదైనా పాడుచేసి తల దించుకున్నప్పుడు నేను వెంటనే అడగను. చెప్పడానికి వాడికి ఒక సందు వదులుతాను. అది మిస్త్రీ తాత నుంచి నేర్చుకున్నది. అయితే రెండు రోజులు చూసి, మూడో రోజు పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతాను. అది నా నుంచి నేర్చుకున్నది.

ఈ వానకాలం కూడా పై సొరుగు తీసి చూశాను. గీత ఒక వడ్లగింజంత బయటికి వచ్చి ఉంది. ఎండలు ముదిరాక మళ్లీ లోపలికి వెళ్తుంది. ఏటా వెళ్తూ వస్తూనే ఉంది. ఆయన నాకూ అంత చోటు వదిలి వెళ్లాడు. కదలడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.